మగ్గమాపు

షోలాపురమునందలి తెలుగు నేతవారి పేటలలో పుట్టి పెరిగిన మేము బాల్యమున మగ్గపు సవ్వడి లేని నిద్ర యెఱుగము. మా పెద్దలు తెలంగాణము విడిచి ఈ యూరు చేరినది నేతపనికొఱకే. బడిలోను అంగడిలోను మరాఠీ మాటలాడి, ఇంటి గడప దాటి లోనికి వచ్చిన పిమ్మట తెలుగు మాటలాడిన తరమువారము మేము. మా యింట ఆ తెలుగునకు పెద్దదిక్కు మా మేనత్త. ఆమె గతించి ఏడాది కావచ్చినది.

ఆమె పడుగుపేకలను గూర్చి చెప్పిన ముచ్చటను మా మనుమడు సెల్‌ఫోనులో పట్టి యుంచెను. దానిని కుదించి మా సంఘపు వార్షికోత్సవమున చూపవలెనని మాకు కోరిక పుట్టెను. మనుమనికి తీరిక లేదు. కావున వయస్సు మళ్లిన మేమే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ముందు శిష్యులమై కూర్చుంటిమి.

మొదటి పాఠము కీఫ్రేము. ఈ పేరు చేతితో గీసిన బొమ్మల చలనచిత్రములనుండి వచ్చినది. అచట ప్రధాన చిత్రకారుడు కదలికలోని ముఖ్యమైన భంగిమలను మాత్రము గీయును. నడిమి బొమ్మలను సహాయకులు పూరింతురు. నేడు ఆ సహాయకుల పనిని కంప్యూటరు చేయుచున్నది. అత్త ముఖముకడ ఒక గుర్తు, నాలుగు సెకన్ల పిమ్మట ఆమె చేతులకడ నింకొక గుర్తు పెట్టితిమి. సెకనుకు 25 చిత్రముల లెక్కన ఆ నూరు చిత్రముల ప్రయాణమును యంత్రమే పూరించెను. పడుగు పోయుటకు మేకులు పాతినట్లే యున్నదని సంతసించితిమి.

కాని ఆ కదలిక బండి కుదుపువలె నుండెను. రెండు గుర్తులను కలుపు గీత తిన్ననిదగుటచే వేగము ఒక్కసారిగా పుట్టి ఒక్కసారిగా చచ్చుచున్నది. గీత కొనలు రెండింటిని వంచి, మెల్లగా బయలుదేరి మెల్లగా నిలుచునట్లు చేయగా, మన చూపే ముఖమునుండి చేతులకు జాఱినట్లయ్యెను.

అసలు చిక్కు ధ్వనితో వచ్చినది. ముచ్చట చివర అత్త గొంతు తగ్గించి, "ఇగ చాలు బిడ్డా, మగ్గమాపు" అనినది. పక్కగదిలో మరమగ్గము నడుచుచుండెను. ఆ చివరి ఐదు సెకన్లలో ధ్వని సన్నగిల్లునట్లు తిన్నని గీత గీచి, పని ముగిసినదనుకొంటిమి. ఇంటిల్లిపాదియు చూచిరి. మా చెల్లెలు, "అన్నా, అత్త మగ్గమాపు అన్నది గదా, ఆ మాటేది?" అని యడిగెను. మేము సిగ్గుపడితిమి.

చెవి కొలత యెట్టిదో అప్పుడు తెలిసికొంటిమి. చెవి ధ్వనిని నిష్పత్తులతో కొలుచును. ధ్వని తరంగపు ఎత్తు సగమైనను తగ్గుదల 6 డెసిబెల్లులే. పదవ వంతైనచో 20. అందుచే తిన్నని గీత వెంట దిగు ధ్వని చాలసేపు తగ్గనట్లే యుండి, కొసకు వచ్చునప్పటికి చటుక్కున మాయమగును. అత్త మాట ఆ కొసలోనే పడినది.

అత్త మాట ముగించి ఊపిరి విడిచిన చోటికి మొదటి గుర్తును జరిపితిమి. అచటినుండి ఆ గది ధ్వని తగ్గుచుండగా, విడిగా తీసిన మగ్గపు దృశ్యపు ధ్వని పెరుగవలెను. రెండింటికిని తిన్నని గీతలే యైనచో నడుమ చెరిసగమై, సుమారు 3 డెసిబెల్లుల పల్లము పడును. సమశక్తి వక్రములో రెండును ఆ నడిమి చోట 0.7 వంతున నిలుచును గాన పల్లము వినబడదు.

ఇక మిగిలినది మగ్గము నిలుచు చోటు. అచట మేము ఏ వక్రమును గీయలేదు. అత్త ఆపుమనినది, చేయి మీట నొక్కినంతనే సవ్వడి ఆగిపోయెను.

ఉత్సవమునాడు ఆ నిశ్శబ్దములో వెనుక వరుసనుండి ఒక పసివాడు, "అమ్మా, మగ్గమెందుకాపిండ్రు?" అని బిగ్గరగా నడిగెను. వాడు మరాఠీ బడి పిల్లవాడు. అడిగినది మాత్రము తెలుగున.