తెల్లమచ్చ కనిపించాక

తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ‘ఆరోగ్య మహిళ’ క్లినిక్‌లు మంగళవారం నడుస్తాయి. నేను చూసింది ఒక మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఆకుపచ్చ తెరచాటున బల్ల, కాళ్లవైపు లైటు, చిన్న గిన్నెలో పలచటి ఎసిటిక్ ఆమ్లం. దూదితో దాన్ని గర్భాశయ ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగుతారు. తెల్లమచ్చ తేలితే క్యాన్సర్ అనుమానం, తేలకపోతే ఇంటికి. రొమ్ముల్లో గడ్డలున్నాయేమో చేత్తో తడిమి చూస్తారు. ఇంత చవకైన పరీక్ష ఉండి కూడా, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30–49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతమే. ఆడవాళ్ల సిగ్గే దీనికి కారణమని తేల్చేయడం మనకు అలవాటు. తెర బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లను చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు. “పరీక్షకు వస్తరు. పెద్దాస్పత్రికి పొమ్మంటేనే పోరు” అంది అక్కడి సిస్టర్.

అసలు చిక్కు అక్కడే ఉంది. తెల్లమచ్చ కనిపించిన కూలిమనిషి జిల్లా ఆసుపత్రికి ఒకసారి, ముక్క తీయించుకోవడానికి మరోసారి, రిపోర్టు కోసం ఇంకోసారి తిరగాలి. వెళ్లిన ప్రతిరోజూ కూలి పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది, ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. రిజిస్టర్లో మాత్రం ‘రిఫర్’ అని రాయగానే పని అయిపోయినట్టే. అందుకే అనుమానం వచ్చిన రోజే, అదే బల్ల మీద, వేడితో ఆ కణజాలాన్ని మాడ్చేసే థర్మల్ అబ్లేషన్ మండల స్థాయికి రావాలంటాను. శిక్షణ పొందిన నర్సు ఒకటి రెండు నిమిషాల్లో చేయగలిగిన పని అది.

అవసరం లేనివాళ్లకూ చికిత్స చేసినట్టవుతుందని డాక్టర్లు అభ్యంతరం చెబుతారు. నిజమే, తెల్లబడిన ప్రతి మచ్చా ముప్పు కాదు, ఈ పరీక్షకు పరిమితులూ ఉన్నాయి. ఒకప్పుడు మన హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేలకు పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను పట్టే ఒకే ఒక్క హెచ్‌పీవీ పరీక్ష ఈ క్యాన్సర్ మరణాలను దాదాపు సగానికి తగ్గించింది. ఎసిటిక్ ఆమ్ల పరీక్ష ఒక్కసారి చేస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ముంబై మురికివాడల్లో మాత్రం అదే ఆమ్ల పరీక్షను రెండేళ్లకోసారి చేస్తే మరణాలు 31 శాతం తగ్గాయి. కాబట్టి హెచ్‌పీవీ పరీక్ష రావాలి. స్త్రీ తనంతట తానే నమూనా తీసి ఇవ్వగలదు కనుక సిగ్గు సమస్యా కొంత తీరుతుంది. అది వచ్చేదాకా, తిరిగి రాలేని మనిషిని వదిలేయడం కంటే కొంచెం ఎక్కువ చికిత్సే తక్కువ నష్టం. హెచ్‌పీవీ టీకా వచ్చింది కదా అనేవారూ ఉన్నారు. అది 9–14 ఏళ్ల పిల్లలకు రక్ష. వాళ్ల తల్లులకు ఇప్పటికీ పరీక్షే దిక్కు.

రొమ్ము సంగతి వేరు. గడ్డను అదే రోజు తేల్చే ఉపాయం మండలంలో లేదు. ముంబైలోనే రెండు దశాబ్దాల అధ్యయనంలో, చేత్తో చూసే పరీక్ష వల్ల యాభై దాటినవారిలో మరణాలు ముప్పై శాతం దాకా తగ్గాయి, అంతకు చిన్నవాళ్లలో తగ్గలేదు. ఇక్కడ రెండో ప్రయాణం తప్పదు కనుక దాని ఖర్చు ప్రభుత్వం భరించాలి. రిజిస్టర్లో ‘రిఫర్’ పక్కన ‘చికిత్స పూర్తయిన తేదీ’ అని ఇంకో గడి గీయాలి. మీ ఇంట్లోనో పొలంలోనో పనిచేసే ఆవిడను పెద్దాసుపత్రికి పొమ్మన్నారని తెలిస్తే, ఆ రోజు కూలి కోయకండి.