మిరప చేలో రాతి వలయం

ఊరి పేరు రాయడం లేదు. రాస్తే గుప్తనిధుల వాళ్లు రాత్రికి రాత్రే పలుగులు పట్టుకుని దిగుతారు. పల్నాడు, ప్రకాశం జిల్లాల సరిహద్దు, వినుకొండకు దగ్గరే అంటే చాలు. జనవరి నెలాఖరు. పత్తి ఆఖరి తీతకు వచ్చింది, మిరప కోతలు ఊపందుకున్నాయి. రోడ్డు పక్క కల్లాల్లో కాయ ఆరబోశారు. కారు అద్దాలు ఎక్కించినా ఘాటు ముక్కుకు తగులుతూనే ఉంది. ఈ చేల మధ్య మిగిలిన రాతి వలయాల్ని ఫొటోలు తీయాలని నేనూ, చరిత్ర చెప్పి రిటైరైన ఒక మాస్టారూ బయల్దేరాం.

జనం వీటిని రాకాసి గుళ్లంటారు. కొన్ని ఊళ్లలో పాండవుల గుళ్లంటారు. నిజానికివి సమాధులు. దక్షిణాదిలో ఇనుము వాడకం మొదలైన రోజులవి, అంటే రెండు మూడు వేల ఏళ్ల నాటివి. గొయ్యి తవ్వి, కొన్నిచోట్ల రాతి పలకలతో పెట్టె కట్టి, చనిపోయినవాళ్ల ఎముకలూ కుండలూ ఇనుప పనిముట్లూ అందులో ఉంచేవారు. పైన రాళ్లు పోసి, చుట్టూ బండలు గుండ్రంగా పేర్చేవారు. ఇళ్లు మిగల్లేదు, ఊళ్లు మిగల్లేదు. వాళ్లు ఇక్కడ బతికారని చెప్పడానికి చాలాచోట్ల ఈ వలయాలే ఆధారం.

ఎరుపూ తెలుపూ పట్టీల కొలత కర్ర, నిచ్చెన దించుతుంటే చేను రైతు గట్టు మీదుగా వచ్చాడు. అరవై దాటిన మనిషి.

"ఏంది సారూ, మళ్లీ రీసర్వేనా? రాళ్లు పాతి పోయిందిగా మొన్న!"

"సర్వే కాదు పెద్దాయనా, పాత రాళ్లను ఫొటో తీసుకుందామని వచ్చాం" అన్నారు మాస్టారు.

"ఆ రాకాసి రాళ్లనా? తియ్యండి. మా తాత దున్నేప్పుడు ఇంతకు రెట్టింపుండేయంట. కొన్ని గట్టుకేశారు, కొన్ని బావికి పోయినయ్."

చేలో నిలబడి చూస్తే వలయం కనిపించదు. మోకాలెత్తు బండలు మిరప సాళ్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి తేలి ఉంటాయి, అంతే. నిచ్చెన చాలలేదు. పెద్దాయన తన ట్రాక్టరు ట్రక్కును గట్టు పక్కన పెట్టించాడు. దాని మీద నిచ్చెన వేసుకుని ఎక్కాక గుండ్రం తెలిసింది. తూర్పు వైపు బండలు పోయి ఖాళీ ఉంది. ఆ ఖాళీలోంచే డ్రిప్ పైపు పోతోంది. ఒక బండకు పసుపు, కుంకుమ. దాని పక్క బండ మీద కూలీల అన్నం క్యారేజీలు. వాటిని తీయమని మేం అడగలేదు. ఈ సమాధి ఈ రోజు ఎలా ఉందో చూపించడమే మా పని కాబట్టి క్యారేజీలు కూడా ఫొటోలో ఉండాల్సిందే.

మధ్యాహ్నపు ఎండలో తీస్తే రాయీ మట్టీ ఒకటైపోతాయి. ఐదు దాటి ఎండ ఏటవాలుగా పడితే తప్ప లోపల పోసిన రాళ్ల గుట్ట ఉబ్బు తెలియదు. మరీ వెడల్పు లెన్సు వాడితే అంచుల్లో రాళ్లు సాగి వలయం కోడిగుడ్డులా వస్తుంది. అందుకని కాస్త దూరం జరిగి మామూలు లెన్సుతోనే తీశాం. తర్వాత వలయం చుట్టూ నడుస్తూ ఒక ఫొటోలో సగానికి పైగా తర్వాతి దాంట్లోనూ పడేలా వరసగా తీశాం. అలా తీసిన వాటిని కంప్యూటరు అతికించి త్రిమితీయ (3డి) నమూనా తయారుచేస్తుంది. ప్రతి ఫొటోలో కొలత కర్ర, ఉత్తరం చూపే బాణం ఉండాలని మాస్టారి పట్టు.

ఆ బాణం ఎందుకంటే, రాళ్లు ఏ దిక్కున నిలిచాయన్నది కూడా చరిత్రే. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో నిలువురాళ్ల వరసలకూ సూర్యుడి ఉదయాస్తమయాలకూ సంబంధం ఉందని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు కె.పి. రావు చెప్పారు. అక్కడ ఒక బండ మీద సప్తర్షి మండలాన్ని గుంటలుగా చెక్కిన ఆనవాలును కూడా గుర్తించారు. 2025లో ముడుమాల్ యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఆ రాళ్లు కదిలిపోయి ఉంటే ఇవేవీ తెలిసేవి కావు.

వలయం లోపలి అంచున వాన కోసిన చోట ఒక పెంకు బయటపడి ఉంది. బయట ఎరుపు, లోపలా అంచునా నలుపు. కుండను బోర్లించి కాలిస్తే గాలి తగిలిన చోట ఎర్రబడుతుంది, తగలని చోట నల్లగానే ఉంటుంది. విరిగిన అంచు మీద కుమ్మరి వేలు తిప్పిన సన్నని గీతలు కూడా ఉన్నాయి. చాలాసేపు వంగి చూశాను. పక్కన చిన్న కొలబద్ద పెట్టి ఫొటో తీసి, పెంకును ఉన్నచోటే వదిలేశాం.

రాయి ఉన్నచోట ఉండగానే ఫొటో తీయాలన్న పంతానికి పల్నాడు జిల్లాలోనే కారణముంది. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం తవ్వించి శిల్పాల్ని మద్రాసు పంపాడు. 1858లో లినేయస్ ట్రైప్ వాటిని అక్కడ ఫొటో తీశాడు. ఎంతో శ్రద్ధగా తీసిన ఫొటోలవి. కానీ ఏ శిల్పం స్తూపంలో ఏ చోట నిలబడిందో ఆ ఫొటోలు చెప్పలేవు. నాగార్జునకొండలో అలా జరగనివ్వలేదు. డ్యాం నీళ్లు రాకముందే, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, పటాలు గీసి, ఫొటోలు తీశారు. అక్కడి రాతి వలయాల సమాధుల్ని కూడా తవ్వి నమోదు చేశారు. ఇప్పుడు ఆ లోయ నీళ్లకింద ఉన్నా మనకు దాని ఆనుపానులు తెలుస్తున్నాయంటే ఆ కాగితాల వల్లే. చేల మధ్య వలయాలకు మాత్రం ఫలానా తేదీకి మునుగుతాయన్న గడువు లేదు. పొలం చదును చేసినప్పుడల్లా నాలుగు రాళ్లు పోతాయి, ఎవరూ రాసుకోరు.

తప్పు రైతుదని నేననను. కౌలు కట్టి మిరప వేసినవాడికి అడ్డొచ్చిన బండ అంటే ట్రాక్టరు నాగలి విరగడమే. ఆ రాయి విలువ చెప్పాల్సినవాళ్లు అతని దాకా రాలేదు. మాస్టారు కెమెరా తెరమీద పైనుంచి తీసిన ఫొటో చూపిస్తే పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చూశాడు.

"ఇంత గుండ్రంగా ఉందా? ఇన్నేళ్లుగా దున్నుతున్నా, ఎప్పుడూ అనుకోలా."

కాసేపాగి ఆయనే అన్నాడు: "నా చేలోవి ఉంటయ్యి సారూ, నేను కదపను. ఆ తుమ్మచెట్టు అవతల మా తమ్ముడి చేలో ఇంకోటుంది. కోతలైపోంగానే చదునుకు జేసీబీ మాట్టాడాడు."

సర్వే నంబరు, గట్టు హద్దులు నోట్‌బుక్‌లో రాసుకున్నాం. పురావస్తు శాఖకు ఇవ్వాల్సిన కాగితంలో తమ్ముడి చేను నంబరే ముందు రాయమన్నారు మాస్టారు. ఎండ ఇంకా కొంచెం ఉంది. పెద్దాయన ట్రక్కును అటు తిప్పించాడు.