పాత వ్యాక్సు కింద

బానెట్ మీద దుమ్ము తుడవబోతుంటే కార్ల పాలిష్ షెడ్డు యజమాని గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు.

“తుడవకండి. అది ఉత్త దుమ్ము కాదండి, ఊక బూడిద. గుడ్డ పెట్టి లాగారంటే సానరాయి పెట్టి రుద్దినట్టే.”

కర్ణాటకలోని సింధనూరు చుట్టుపక్కల రైసు మిల్లులు చాలా ఉన్నాయి. వాటి బాయిలర్లకు ఊకే ఇంధనం. ఊక కాలగా మిగిలే బూడిదలో నూటికి 85 నుంచి 90 పాళ్ళు సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. రాత్రి మా స్నేహితుడి ఇంటి ముందు ఆపిన నా ముదురు నీలం కారు తెల్లారేసరికి పిండి చల్లినట్టుంది. దానికి ముందు రోజు కృష్ణ వంతెన దాటి శక్తినగర్ థర్మల్ కేంద్రం పక్కనుంచి వచ్చాను. 1985 నుంచి కరెంటు తీస్తున్న ఆ కేంద్రం సామర్థ్యం 1720 మెగావాట్లు. మన సింగరేణి బొగ్గు కూడా అక్కడ కాలుతుంది. రాయచూరు జిల్లాలో కారు ఉన్నవాళ్ళకు బూడిద కొత్త కాదు. కారు ఒంటి మీద అది దేన్ని పట్టుకుని కూర్చుంటుందన్నదే ఆ రోజంతా నేను చూసిన సంగతి.

నేను అంత దూరం వెళ్ళడానికి కారణం ఉంది. పోయిన ఏడాది హైదరాబాదులో ఒకచోట రబ్బింగ్, పాలిష్ చేయించాను. రెండు గంటల్లో అద్దంలా చేసి చేతికిచ్చారు. నాలుగు సార్లు కడిగేసరికి పాత గీతలన్నీ ఒక్కటీ తప్పకుండా తిరిగొచ్చాయి. అడిగితే, నేను కడిగే తీరు బాగాలేదన్నారు. ఈ మాట చెప్పుకుని బాధపడుతుంటే సింధనూరు క్యాంపులో పొలం ఉన్న స్నేహితుడు, “మా దగ్గర ఒక షెడ్డు ఉంది. అక్కడ పాలిష్ పట్టేది ఒక పూటే, దాని ముందు పనికి ఒక రోజు పడుతుంది. ఒకసారి వచ్చి చూడు” అన్నాడు.

క్యాంపు అంటే ఇక్కడ గుడారాలు కావు, ఊళ్ళు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలువకు నీళ్ళు వచ్చాక, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఇక్కడికి వచ్చి భూములు కొన్నారు. నల్లరేగడిలో వరి వేశారు. వాళ్ళు ముందు పాకలు వేసుకున్న చోట్లే తర్వాత ఊళ్ళయ్యాయి, పేరులో క్యాంపు మిగిలిపోయింది. షెడ్డు యజమాని తాతగారు అలా వచ్చినవారే. ఈయనకు యాభై దాటి ఉంటాయి. మాతో గోదావరి తెలుగు, కుర్రాళ్ళతో కన్నడం, గుమాస్తాతో రెండూ కలిపి మాట్లాడతారు. అసలు ఈ జిల్లాలో తెలుగు నిన్న మొన్నటిది కాదు. రాయచూరు కోటలో 1294 నాటి కాకతీయుల తెలుగు శాసనం ఉన్న రాతిపలక పొడవే 41 అడుగులు.

తుడవకుండా మరి ఏం చేస్తారు? నీళ్ళు పోస్తారు. ముందు ప్రెషర్ గన్‌తో పైనుంచి కిందికి, కారు ఒంటిని ఏదీ తాకకుండా. బూడిద చారలు కట్టి కారిపోయింది. అప్పుడు గన్ తీసేసి, పైపుతో బానెట్ మీద నెమ్మదిగా నీళ్ళు వదిలి, “ఇప్పుడు చూడండి” అన్నారు.

బానెట్ మధ్యలో నీళ్ళు పల్చగా పరుచుకుపోయాయి. అంచుల దగ్గర మాత్రం గుండ్రటి బొట్లుగా విడిపోయి, తామరాకు మీద నీళ్ళలా నిలబడ్డాయి. తలుపుల మీద నిండా బొట్లే. వ్యాక్సు బతికున్న చోట నీళ్ళు ముత్యాలు కడతాయి, చచ్చిన చోట పరుచుకుంటాయి. ఎండ నేరుగా పడే బానెట్, టాపు మీద వ్యాక్సు ముందు పోతుంది. పక్కల మీద అతుకులు అతుకులుగా మిగిలిపోతుంది. దాని మీదే ఇంకోసారి, ఇంకోసారి పూస్తారు. పూసిన ప్రతిసారీ మధ్యలో ఉన్న బూడిద కూడా లోపలే ఉండిపోతుంది.

“పండక్కి వెల్ల వేసేముందు పాత సున్నం గీకుతాం కదండీ. గీకకుండా వేస్తే ఏమవుద్ది? పెచ్చులూడుద్ది. ఇదీ అంతే” అన్నారాయన. తలకు రంగు వేసుకోవాలంటే ముందు జిడ్డు వదలాలి. ఇంట్లో అందరికీ తెలిసిన ఈ సూత్రాన్ని కారు దగ్గరకొచ్చేసరికి మరిచిపోతాం. పాత వ్యాక్సు మీద పాలిషింగ్ మెషీన్ పెడితే ప్యాడ్‌కు జిడ్డు పట్టేస్తుంది, కాంపౌండులోని పొడి రంగును పట్టకుండా జారుతుంది. గీతల్లో దూరిన మైనం వాటిని కప్పి ఉంచుతుంది కాబట్టి గీత పోయిందో, కప్పబడిందో చేసేవాడికే తెలియదు. నా కారుకు పోయిన ఏడాది జరిగింది ఇదేనని అప్పుడు అర్థమైంది. ఇక సెరామిక్ కోటింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అది పట్టుకోవలసింది రంగును. మధ్యలో మైనం ఉంటే దాన్ని పట్టుకుని దాంతోపాటే ఊడిపోతుంది.

కార్ల వ్యాక్సులో పేరున్నది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకు మీద అది పొడిలా పేరుకుంటుంది. ఎండకాలంలో ఆకులోని తడి ఆరిపోకుండా చెట్టు తనకు తాను చేసుకునే ఏర్పాటు అది. దాన్ని వెతుక్కుంటూ 1935లో జాన్సన్ వ్యాక్స్ కంపెనీ అధిపతి హెచ్. ఎఫ్. జాన్సన్ జూనియర్ అమెరికా నుంచి చిన్న విమానంలో బ్రెజిల్ దాకా వెళ్ళాడు. నికార్సయిన కార్నౌబా 80 డిగ్రీలు దాటితేగాని కరగదు. డబ్బాలో మనం కొనేది నికార్సు కాదు. అందులో పారాఫిన్, నూనెలు, ద్రావకాలు కలుస్తాయి. రాయచూరు వేసవిలో 42 డిగ్రీల ఎండలో నిలబెట్టిన ముదురు రంగు కారు మీద అవి మెత్తబడి బూడిదను అతికించుకుంటాయి.

షాంపూ వంతు వచ్చింది. రోజువారీ కడుగుళ్ళకు వాడేది మెతక షాంపూ, వ్యాక్సును ఏమీ చెయ్యదు. వీళ్ళు వాడింది క్షారం ఎక్కువున్నది. ఫోమ్ గన్‌తో కొడితే కారంతా తెల్లటి నురగ. ఐదు నిమిషాలు ఆగారు. “ఆరనివ్వకూడదు. ఆరితే మచ్చ” అని కుర్రాడు నురగ మీద ఓ కన్నేసి ఉంచాడు. అందుకే ఈ పనులన్నీ పొద్దున్నే, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే చేస్తారు. రెండు బకెట్లు పెట్టుకున్నాడు. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు. చేతి తొడుగుతో ఒక తలుపు రుద్దడం, ఉత్త నీళ్ళలో జాడించడం, మళ్ళీ షాంపూలో ముంచడం. ఉత్త నీళ్ళ బకెట్ అడుగున నల్లటి మడ్డి పేరుకోవడం నేనే చూశాను.

తర్వాత ఇనుము తీసే మందు చల్లారు. రంగులేని నీళ్ళలాంటి మందు, కుళ్ళిన గుడ్డు వాసన. ఒక్క నిమిషంలో చక్రాల వెనకా, వెనక బంపర్ మీదా వంగపండు రంగు చారలు దిగాయి. బ్రేకులు అరిగి ఎగిరే ఇనుప రజను రంగులో గుచ్చుకుని ఉంటుంది. మందు ఆ ఇనుముతో కలిసినచోటే ఆ రంగు వస్తుంది. రాత్రి దాకా శుభ్రంగా ఉందనుకున్న నా కారు ఒంటినిండా అలా చారలు కడుతుంటే మనసు చివుక్కుమంది.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది క్లే. జపాన్‌లో పుట్టిన పద్ధతి ఇది. తదావో కొదాతె అనే ఆయన పేరున 1995లో అమెరికా పేటెంటు కూడా ఇచ్చింది. చూడ్డానికి పిల్లలు ఆడుకునే మట్టిముద్దలా ఉంటుంది. కుర్రాడు నిమ్మకాయంత తుంచి, చేతిలో పిసికి, అప్పడంలా వత్తాడు. వాడేముందు నన్ను పిలిచి పల్చటి పాలిథిన్ కవరు నా చేతికి తొడిగి, “సార్, ఈగ ముట్టి” అన్నాడు, ఇప్పుడు ముట్టుకోండి అని. బానెట్ మీద వేళ్ళు జరిపాను. ఉత్త చేతికి నున్నగా తగిలిన రేకు కవరు లోంచి గరుకు కాగితంలా తగిలింది. కడిగిన తర్వాత కూడా అంత మిగిలి ఉందన్నమాట.

షాంపూ నీళ్ళు ధారాళంగా చల్లి, ముద్దను దాదాపు బరువు వెయ్యకుండా అడ్డంగా, నిలువుగా జరుపుతున్నాడు. గుండ్రంగా తిప్పడు. మొదట జరజరమనే చప్పుడు, చెయ్యి పట్టి లాగుతున్నట్టు. నాలుగైదు సార్లు పోయేసరికి చప్పుడు ఆగిపోయింది. ముద్ద తిప్పి చూపించాడు, గోధుమ రంగు మట్టి. దాన్ని లోపలికి మడిచి, కొత్త ముఖం పైకి తెచ్చి మళ్ళీ మొదలు. ఒకసారి ముద్ద చేతిలోంచి జారి నేల మీద పడింది. ఖరీదైన సరుకే అయినా తీసి చెత్తబుట్టలో వేశాడు. యజమాని ఏమీ అనలేదు. నేల మీది ఒక్క ఇసుక రేణువు అంటినా చాలు, కారు పొడుగునా గీత పడుతుంది.

కడుగుళ్ళన్నీ బోరు నీళ్ళతో చేసినా, చివరిసారి మాత్రం ఆర్వో నీళ్ళ క్యాన్లు తెప్పించారు. ఇక్కడి బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. అలాగే ఆరనిస్తే తెల్లటి వలయాలు మిగులుతాయి. అవి పాతబడి రంగును తినేస్తే క్లేకు కూడా లొంగవు.

చివరిది ఆల్కహాలు. ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నీళ్ళు సమపాళ్ళు. మైక్రోఫైబర్ గుడ్డను నాలుగు మడతలు పెట్టి, ఒక్కో మడత ఒక్కో చోట. మా నాన్న తన ప్రీమియర్ పద్మినికి కిరసనాయిలు గుడ్డ వాడేవారని చెప్పాను. పాలిష్ చేసిన రోజు ఆయన గుడ్డంతా ఎర్రగా కారు రంగే అంటి ఉండేది. అప్పటి కార్లకు రంగు మీద వేరే పూత ఉండేది కాదు, అందుకే గుడ్డకు రంగు దిగేది. కిరసనాయిలు కూడా జిడ్డే, వ్యాక్సు తీసి తన పొర వదులుతుందని యజమాని చెప్పారు. “థిన్నరయితే మరీ దారుణం. వీధిలో వేసిన రీపెయింట్ మీద పెట్టారంటే రంగే లేచొచ్చేస్తది.” పక్క షెడ్డులో పెయింటరున్నాడు. పెళ్ళిళ్ళ సీజనులో డాష్‌బోర్డు మెరుపు స్ప్రే ఒళ్ళంతా కొట్టి తెచ్చే కార్లంటే అతనికి హడల్. అందులో సిలికాన్ ఉంటుంది. అది పూర్తిగా పోకుండా రంగు కొడితే చేపకళ్ళలాంటి గుంటలు పడతాయి, పని మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది.

మధ్యాహ్నం లైటు తెచ్చారు. అప్పటిదాకా నున్నగా ఉన్న బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు గుండ్రటి గీతలు. వాటికి సిద్ధపడే ఉన్నాను. సిద్ధపడనిది ఇంకొకటి కనిపించింది. కుడివైపు, హెడ్‌లైటు పైన జానెడు మేర, ఒకే వైపుకు సాగిన సన్నటి గీతలు. ఉప్పుకాగితం గుర్తులు. రంగు మందం కొలిచే మీటరు పెట్టారు. టాపు మీద 112, తలుపు మీద 118, ఆ కుడి మూల 265 మైక్రాన్లు. ఎవరో ఎప్పుడో గుద్దిస్తే రంగు వేయించారు. నాలుగేళ్ళ కిందట ఈ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు, ఎక్కడా రంగు పడలేదని నాకు చెప్పారు. మందంగా పట్టించిన వ్యాక్సు ఆ గుర్తులను ఇన్నేళ్ళూ దాచింది.

కోపం వచ్చింది. కాసేపు మాట్లాడలేకపోయాను. ఆయన నన్ను కదిలించకుండా టీ తెప్పించి, తర్వాత తన లెక్క చెప్పారు. రంగు మీద ఉండే పారదర్శకమైన క్లియర్ కోట్ మందం సుమారు 40, 50 మైక్రాన్లు, మనం రాసుకునే కాగితంలో సగం. పాలిష్ అంటే దాన్ని పల్చగా కోయడమే. కోసింది తిరిగి రాదు. అది పోయిందంటే ఎండకు కింది రంగు తెల్లబారి పొట్టు లేస్తుంది. అందుకే లోతు గీతల్ని వదిలేసి, పైపై వాటినే తీస్తానన్నారు. కుడి మూలలో మందం ఉంది కదా అని గట్టిగా పట్టడానికి లేదట. అక్కడ లప్పం ఎంత, రంగు ఎంత, క్లియర్ ఎంత అన్నది మీటరు చెప్పదు. “అక్కడ మెతక ప్యాడే. ఉప్పుకాగితం గీతలు కొంచెం మిగిలిపోతాయండి. ఉండనివ్వండి.”

సరేనన్నాను. అంచులకు టేపు వేశారు. బానెట్ ఎడమ మూలలో మూరెడు చదరం గుర్తు పెట్టి మెషీన్ పట్టారు. నాలుగు సార్లు అటూ ఇటూ నెమ్మదిగా తిప్పి, ఆల్కహాలుతో తుడిచి, లైటు పెట్టారు. ఆ చదరంలో సాలెగూడు లేదు. పాత జిడ్డు లేని రంగు నిండా నీలంగా, లోతుగా ఉంది. పక్కనే మిగతా బానెట్ నెరిసినట్టుగా ఉంది. ఇది కప్పిన నునుపు కాదని ఈసారి నా కళ్ళతో నేనే చూశాను.

అప్పటికి సాయంత్రమైంది. మిల్లు వైపు నుంచి గాలి మళ్ళింది. తలుపు దగ్గర వెలుగులో సన్నటి రేణువులు తేలుతూ లోపలికి వస్తున్నాయి. కుర్రాడు మెషీన్ ప్లగ్గు తీసి, గుడ్డలన్నీ డబ్బాలో పెట్టి మూత వేశాడు. వ్యాక్సు లేని ఒట్టి రంగు మీద అప్పుడే రెండు మూడు నలుసులు వాలాయి. నా చెయ్యి ముందుకు వెళ్ళబోయి ఆగిపోయింది. “నాళె నీరు హొడియోణ సార్” అంటూ కుర్రాడు షట్టరు కిందికి లాగాడు. పొద్దున్నే వచ్చి ముందు నీళ్ళు కొట్టి, తర్వాతే మెషీన్ పడతారట. స్నేహితుడి బండి వెనక కూర్చుని క్యాంపుకు బయల్దేరాను.