జోడెడ్ల కంప్యూటర్

ఈరోజు చెరకు గురించి కాదు, మా ఇంట్లో కంప్యూటర్ గురించి.

చోడవరంలో మా ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌కి మా అబ్బాయి రెండు హార్డ్‌డిస్కులు కలిపి ‘రెయిడ్ 0’ పెట్టాడు. విండోస్ కూడా దాంట్లోంచే లేస్తుంది. ప్రతి ఫైలునీ ముక్కలు చేసి ఒకటి ఇటు, ఒకటి అటు రాస్తుంది. రెండూ ఒకేసారి చదువుతాయి, అదీ వేగం. జోడెడ్ల బండి అనుకోండి. ఒక ఎద్దు కూలబడితే బండి ఆగిపోద్ది.

మొన్న కరెంటు పోయి వచ్చాక ఆన్ చేస్తే విండోస్ రాలేదు. ఆరేళ్ల చెరకు లెక్కలు, మా నాన్న ఆఖరి ఫొటోలు అన్నీ అందులోనే. షాపులో చూపిస్తే “ఫార్మాట్ కొట్టాలి” అన్నారు. నాకు గుండె జారిపోయింది. ఒప్పుకోకుండా ఇంటికి తెచ్చేశాను.

అబ్బాయికి ఫోన్ చేస్తే ఒకటే అడిగాడు: “బయోస్‌లో తేదీ ఎంతుంది నాన్నా?” చూస్తే ఎప్పటిదో పాత తేదీ! మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయి సెట్టింగులు మొదటికొచ్చేశాయి. కొత్త బ్యాటరీ వేసి, సాటా మోడ్ ‘ఏహెచ్‌సీఐ’ అని ఉంటే మళ్లీ ‘రెయిడ్’ చేశాను. విండోస్ లేచింది. నాన్న ఫొటో తెరిచి కాసేపు అలాగే కూర్చున్నాను.

డిస్కులు బాగానే ఉన్నాయి గనక బతికిపోయాను. వాటిలో ఒకటి పోయుంటే రెండోదాంట్లో మిగిలేవి సగం సగం ముక్కలే. ఆ రాత్రే అన్నీ బయటి డిస్కులోకి కాపీ చేశాను.

విత్తనం పక్కన పెట్టకుండా పంటంతా అమ్ముకోం కదా. ఇదీ అంతే.