ఇల్లు అప్పగించి వెళ్ళేటప్పుడు



మన పల్లెల్లో పెళ్ళికో, ఆసుపత్రి పని మీదో వారం రోజులు ఊరు విడిచి వెళ్ళాలంటే ముందుగా పట్టుకునే దిగులు బస్సు గురించి కాదు. "గేదె పాలు ఎవరు తీస్తారు? పొద్దుగూకితే కోళ్ళను ఎవరు మూస్తారు?" అని. ఇంగ్లాండు దేశంలోనూ ఇదే దిగులు ఉంటుందని 2024లో మా పెద్దమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు తెలుసుకున్నాను. ఆ దిగులు తీరడానికి అక్కడివారు ఒక ప్రకటన రాస్తారు. దాన్ని రాయడంలో నాకూ కొంత పాలు దక్కింది. ఆ సంగతే మీకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా అమ్మాయి నర్సు. వూస్టర్‌షైర్ జిల్లాలోని గ్రేట్ మాల్వర్న్ అనే చిన్న పట్టణంలో కాపురం. లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కితే రెండున్నర గంటల ప్రయాణం. రైలు దిగగానే స్టేషన్ ఇనుప స్తంభాల పైన ఆకులు, పువ్వులు పోతపోసి రంగులు వేసి ఉంటాయి. తలెత్తి చూస్తే ఎదుట మాల్వర్న్ కొండలు. ఇవి ఉత్తర దక్షిణాలుగా సుమారు 13 కిలోమీటర్లు సాగిపోయాయి. అన్నిటికంటె ఎత్తయిన వూస్టర్‌షైర్ బీకన్ 425 మీటర్లు. దాని మీద నిలబడితే తూర్పున సెవర్న్ నది మైదానం, పడమట హెరిఫర్డ్‌షైర్ పొలాలు, వాటి అవతల వేల్స్ కొండలు కనబడతాయి.

పట్టణం కొండకు తూర్పు వాలులో ఉంది. అందుచేత సాయంత్రం సూర్యుడు తొందరగా కొండ చాటుకు వెళ్ళిపోతాడు. డిసెంబరులోనైతే నాలుగు గంటలకే చీకటి. కొన్ని వీధుల్లో ఈనాటికీ గ్యాసు దీపాలే వెలుగుతాయి.

ఊరి నడుమ ఒక పెద్ద పాత దేవాలయం ఉంది. 1085లో సన్యాసుల మఠంగా మొదలైంది. ఎనిమిదవ హెన్రీ రాజు మఠాలను మూయించినప్పుడు ఊరివారు 20 పౌండ్లు పోగుచేసి 1541లో దాన్ని కొనుక్కున్నారు. పదిహేనవ శతాబ్దపు రంగుటద్దాలు అందులో నేటికీ ఉన్నాయి. తాము పోయాక కూడా ఒక ఇల్లు నిలవాలని కోరినవారు తరతరాలుగా దాన్ని కాచుకుంటూ వచ్చారన్నమాట.

మా అమ్మాయి ఇంట్లో టోబీ అనే పదమూడేళ్ళ లాబ్రడార్ కుక్క, మిస్టీ అనే పిల్లి, నాలుగు కోళ్ళు. ఉదయమే టోబీని తీసుకుని కొండ వైపు నడవడం నా పని. ఆ కొండల్ని కాపాడడానికి 1884లోనే ఒక చట్టం చేశారు. గొర్రెలు అక్కడ స్వేచ్ఛగా మేస్తుంటాయి. టోబీ ముసలిదే గాని గొర్రె కనబడితే మాత్రం కుర్రదయిపోతుంది. పట్టీ వదిలితే అంతే. ఒకసారి నన్ను తడిగడ్డి మీద పది అడుగులు ఈడ్చుకుపోయింది.

డిసెంబరులో మేమందరం కలిసి ఇండియాకు రావాలని అనుకున్నాం. మా అమ్మకు తొంభై యేళ్ళు దాటాయి. మునిమనవణ్ణి ఫొటోల్లో చూడడమే గాని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది లేదు. టిక్కెట్లు కొన్నాం. ఇరవై రెండు రోజులు. మరి టోబీ? ఇంతకుముందు ఒకసారి డబ్బులు కట్టి కుక్కల్ని ఉంచుకునే చోట వదిలితే మూడు రోజులు ముద్ద ముట్టలేదట. "మీరందరూ వెళ్ళండి నాన్నగారూ, నేను ఉండిపోతాను" అంది మా అమ్మాయి. ఆ మాట విని మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అప్పుడు మా అల్లుడుగారు ఈ ఉపాయం చెప్పారు. ఆ దేశంలో ఇంటిని, జంతువుల్ని చూసుకోవడానికి వచ్చి ఉండేవాళ్ళున్నారు. వారిని హౌస్ సిట్టర్లు అంటారు. సాధారణంగా వారు జీతం తీసుకోరు, ఇంటివారు అద్దె అడగరు. వారికి కొత్త ఊళ్ళో బస, ఇంటివారికి నిశ్చింత. ఇద్దరినీ కలపడానికి సభ్యత్వ రుసుము తీసుకునే సంస్థలున్నాయి. బ్రైటన్ పట్టణంలో 2010లో మొదలైన ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్ అలాంటిదే. ఇంటివారు తమ ఇంటి గురించి ప్రకటన రాస్తే, ఇష్టమైనవారు "మేము వస్తాం" అని జవాబు రాస్తారు.

మా అమ్మాయి ప్రకటన రాసింది. రెండు వారాలు గడిచినా ఒక్కరూ పలకలేదు. ఒక రాత్రి భోజనాలయ్యాక నాకు చదివి వినిపించింది. "అందమైన పాతకాలపు ఇల్లు, మూడు పడకగదులు, అద్భుతమైన కొండ దృశ్యం, కొత్త వంటగది" ఇలా పన్నెండు వాక్యాలు. చివర "స్నేహశీలి అయిన కుక్క, పిల్లి, కోళ్ళు ఉన్నాయి" అని ఒక్క వాక్యం. ఫొటోలు ఎనిమిది. అన్నీ గదులవే.

నేను ముప్పై యేళ్ళు పిల్లలకు లేఖారచన చెప్పినవాణ్ణి. "ఈ ఉత్తరం ఎవరికి రాశావమ్మా?" అని అడిగాను.

"ఎవరికేమిటి నాన్నగారూ, వచ్చేవాళ్ళకి."

"కాదమ్మా, ఇల్లు కొనేవాళ్ళకి రాశావు. వచ్చేవాళ్ళు ఇల్లు కొనరు. టోబీతో ఉంటారు. టోబీ రాత్రి రెండింటికి లేచి తలుపు గీకుతుందని రాశావా?"

"అది రాస్తే ఎవరొస్తారు?"

అప్పుడు నేను ఎన్నడూ ఇంట్లో ఎత్తని సంగతి ఎత్తాను. 2009లో మా ఆవిడ కంటి ఆపరేషన్‌కు మేము ఇరవై రోజులు ఊళ్ళో లేము. మా ఇంటి కుక్కను పాలు పోసే అబ్బాయికి అప్పగించాను. "రెండు పూటలా అన్నం పెట్టు" అన్నాను. అంతే. అది టపాకాయల చప్పుడుకు బెదిరిపోతుందని, దీపావళి మూడు రోజులూ లోపల కట్టెయ్యాలని చెప్పలేదు. చెబితే ఆ అబ్బాయి "నావల్ల కాదండి" అంటాడేమోనని భయం. దీపావళి రాత్రి అది గోడ దూకి పోయింది. మళ్ళీ కనబడలేదు. అబ్బాయి ఏడ్చాడు. నేను వాణ్ణి ఒక మాట కూడా అన్నాను. కాని తప్పు వాడిది కాదు. చెప్పవలసింది దాచిపెట్టిన నాది. ఆ మాట పదిహేనేళ్ళ తరువాత నా కూతురి దగ్గర ఒప్పుకున్నాను.

మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టింది. "చెప్పండి, మొదటినుంచీ రాద్దాం" అంది.

ఆ రాత్రి మేమిద్దరం రాసినదాని సారాంశం ఇది:

"టోబీకి పదమూడేళ్ళు. కీళ్ళనొప్పులకు ఉదయం, సాయంత్రం మాత్ర వేయాలి. జున్నుముక్కలో పెడితే మింగుతుంది. రాత్రి ఒకసారి లేస్తుంది. అయిదు నిమిషాలు పెరట్లోకి తీసుకెళ్ళి తెస్తే మళ్ళీ పడుకుంటుంది. మూడు గంటలకు మించి ఒంటరిగా వదలకూడదు. కొండ మీద గొర్రెలుంటాయి, పట్టీ వదలకండి. పిల్లి తన పని తాను చూసుకుంటుంది. కోళ్ళను చీకటి పడకముందే మూయాలి, నక్కలు వస్తాయి. గుడ్లు మీవే.

ఇల్లు పాతది. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవారికి కష్టం. డిసెంబరులో సూర్యుడు తొందరగా కొండ చాటుకు పోతాడు. కాని ఉదయపు ఎండ వంటగదిలోకి నేరుగా వస్తుంది. రైల్వే స్టేషనుకు, అంగళ్ళకు నడిచి పోవచ్చు, వచ్చేటప్పుడు ఎత్తు ఎక్కాలి. కారు లేకున్నా గడుస్తుంది.

తొంభై దాటిన మా నాయనమ్మను చూడడానికి వెళ్తున్నాం. మా టోబీకి తోడుగా ఎవరైనా వస్తే మనసు కుదుటపడి వెళ్తాం."

వెళ్ళే తేదీ, తిరిగివచ్చే తేదీ స్పష్టంగా వేశాం. మొదటి ఫొటో టోబీది, వాకిట్లో ఎండలో కూర్చున్నది. తరువాత వచ్చినవారు పడుకునే గది, వంటగది, పెరడు, కొండదారి. అన్నీ పగటి వెలుతురులో తీసినవే. ఇంటి నంబరు, వీధి పేరు కనబడకుండా చూశాం. ఇల్లు ఖాళీగా ఉండే తేదీలు, చిరునామా రెండూ ఒకచోట పెడితే దొంగకు పిలుపు పంపినట్టే.

నాలుగు రోజుల్లో ముగ్గురు జవాబు రాశారు. స్కాట్లాండు నుండి రాసిన ఒక పెద్ద వయసు జంట మాటలు మాకు నచ్చాయి. వారి కుక్క ముందటి ఏడు ముసలితనంతో పోయిందట. ఇంకొకదాన్ని పెంచే వయసు కాదట. "రాత్రి రెండింటికి లేవడం మాకు అలవాటే. అది చదివాకే మీకు రాయాలనిపించింది" అన్నారు. దాచిపెట్టాలనుకున్న వాక్యమే వారిని తీసుకొచ్చింది!

అయినా వెంటనే సరే అనలేదు. వారు ఇదివరకు ఉన్న ఇళ్ళవారితో మాట్లాడాం. వీడియోలో ఇల్లంతా చూపించాం. ఇంటి బీమా సంస్థకు ముందుగా తెలియజేశాం. ఆ దేశంలో ఇల్లు చాలా రోజులు ఖాళీగా ఉన్నా, వేరొకరు ఉన్నా పాలసీలో షరతులుంటాయి. 2006 నాటి జంతు సంక్షేమ చట్టం ప్రకారం ఒకరికి అప్పగించినా యజమాని బాధ్యత తీరిపోదు. అందుచేత పశువైద్యుడి దగ్గరికి వెళ్ళి, మేము లేనప్పుడు టోబీకి జబ్బు చేస్తే ఎంత ఖర్చు వరకు అడగకుండా వైద్యం చేయవచ్చో రాసిచ్చాం. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్టు, ఉల్లిపాయ కుక్కకు విషమని, లిల్లీ పువ్వు పిల్లికి ప్రాణాంతకమని ఫ్రిజ్ తలుపు మీద అంటించాం. బాయిలర్ ఆగితే ఎవరికి ఫోను చేయాలి, నీళ్ళ పైపు పగిలితే వాల్వు ఎక్కడ కట్టాలి, చెత్త ఏ రోజు బయట పెట్టాలి, ఇవన్నీ ఇంకో కాగితం.

వారు మేము బయలుదేరే ముందురోజే వచ్చారు. మా ఆవిడ పప్పు, కోడిగుడ్ల పులుసు వండింది. సాయంత్రం ఆ పెద్దాయన, నేను కలిసి టోబీని నడిపించాం. పట్టీ ఆయన చేతికిచ్చాను. కొండమలుపులో గొర్రె కనబడింది. ఆయన పట్టీని రెండు చుట్లు చేతికి చుట్టుకుని, నవ్వి, "చదివాను" అన్నారు. నాకు అప్పుడు మనసు నిమ్మళించింది.

ఇండియాలో మా అమ్మ మునిమనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాడి చెవులు, ముక్కు తడిమి చూసుకుంది. "ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళకు తాళాలిచ్చి వచ్చారా?" అని మందలించింది కూడా. మా అమ్మాయి ఆ రోజు వచ్చిన ఫొటో చూపించింది. టోబీ ఆ పెద్దావిడ పాదాల మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. "ముక్కూ మొహం బాగానే ఉన్నాయిలే" అంది మా అమ్మ.

ఒక రాత్రి గడ్డకట్టే చలిలో బాయిలర్ ఆగిపోయిందట. కాగితంలో ఉన్న నంబరుకు ఫోను చేసి మరునాటికి బాగుచేయించారు. ఆ సంగతి మాకు బాగయిన తరువాతే తెలిసింది.

పాఠకులారా, మీ పిల్లలు విదేశాల్లో ఉంటే ఇలాంటి ప్రకటన రాయవలసిన పని వారికి పడవచ్చు. వారికి ఈ మాట చెప్పండి. ఇంటి గొప్పలు తగ్గించి, ఇంట్లోవాటి అలవాట్లు రాయమనండి. కష్టమైనది ముందే చెప్పమనండి. అది విని వెనక్కి పోయేవారు ఎలాగూ మనకు పనికిరారు. విని వచ్చేవారు నిలుస్తారు.

ఇక మన సంగతి. మనకు ప్రకటన అక్కరలేదు, పక్కింటివారున్నారు. కాని పక్కింటివారికి కూడా అన్నీ తెలుసుననుకోవద్దు. మా ఇంట్లో ఇప్పుడొక గేదె ఉంది. మొన్న మేము నాలుగు రోజులు ఊరు వెళ్ళేటప్పుడు పక్కింటి తమ్ముడికి ఒక కాగితం రాసిచ్చాను. ఎడమవైపు కూర్చుంటే తంతుందని, దూడను ముందు విడవాలని, తవుడు ఎంత కలపాలో, పశువుల డాక్టరుగారి ఫోను నంబరు, అన్నీ. వాడు చదువుకుని, "ఏంటి మాస్టారూ, మరీ పరీక్ష పేపరులా!" అని నవ్వాడు.

నవ్వితే నవ్వాడు. మేము తిరిగి వచ్చేసరికి గేదె, తమ్ముడు ఇద్దరూ క్షేమంగా ఉన్నారు.