శ్రీకూర్మము: శిలాశాసనములు, స్త్రీల సంఘములు

శ్రీకాకుళమునకు తూర్పుగా సుమారు 15 కిలోమీటర్ల దూరమున, గార మండలమందు, సముద్రపు గాలి సోకు పచ్చని పొలముల నడుమ శ్రీకూర్మక్షేత్రము నెలకొనియున్నది. విష్ణువు కూర్మరూపమున పూజలందుకొను ఈ ఆలయమున స్వామి పశ్చిమాభిముఖుడు. తూర్పునను పడమరను రెండు ధ్వజస్తంభములు నిలిచియుండుట ఇచటి విశేషము. శ్వేతపుష్కరిణిలో స్నానమాడి పితృకార్యములు నిర్వర్తించుకొనుటకు జనులు దూరప్రాంతములనుండి వత్తురు. ఫాల్గుణమున డోలోత్సవము వచ్చినచో ఊరంతయు తిరునాళ్ళే.

ఐనను ఈ క్షేత్రమునకు గల అపూర్వసంపద మంటపస్తంభములపై చెక్కిన శాసనములు. కళింగమునేలిన గాంగరాజుల కాలమునుండి శతాబ్దుల తరబడి తెలుగునను సంస్కృతమునను వెలసిన ఈ లేఖనములలో, మధ్వాచార్యుల శిష్యుడును కళింగరాజ్యభారము వహించినవాడును నగు నరహరితీర్థుల 1281 నాటి శాసనము సుప్రసిద్ధము. అఖండదీపమునకు నేయి తరుగకుండ గోవులనొసగిన దాతలను గూర్చిన లేఖనములును పెక్కులు. ఆ దాతలలో స్త్రీలును గలరు. దీపములెన్నడో కొండెక్కినను, ఇచ్చినదేమో, ఇచ్చినదెవరో రాతిపై వ్రాయించుటచేతనే ఆ తల్లుల పేర్లు నేటికిని నిలిచినవి.

అట్లే మన కాలమున పల్లెటూరి స్త్రీలు తమ పేర తామే లెక్కలు వ్రాసికొను అలవాటు పొదుపు సంఘములతో బలపడినది. 1982లో ఆరంభమైన ద్వాక్రా పథకము దానికి బీజము వేయగా, 2000లో వెలుగు పథకము మొదట చేపట్టిన ఆరు జిల్లాలలో శ్రీకాకుళము, విజయనగరము చేరినవి. పదిమంది చాపపై కూర్చుండి, పొదుపు జమచేసి, అప్పు వాయిదాలు సరిచూచి, తీర్మానము పుస్తకమునకెక్కించి సంతకములు చేయు ఆ సమావేశముల మీదనే గ్రామసమాఖ్య, మండలసమాఖ్య నిర్మితములైనవి.

ఈ సంఘశక్తియే స్థానికచరిత్ర రక్షణకును పూనుకొనవలెనని నా దృఢవిశ్వాసము. ఏలయన, రాజుల దానములు శిలలకెక్కినవి గాని, నాట్లనాటి పాటలు, వంశధార వరదలు, 2018 నాటి తిత్లీ తుపానున ఇండ్లు నిలుపుకొన్న తీరు, కళింగపట్టణపు తీరమున చేపలమ్మి బిడ్డలను పెంచిన తల్లుల బ్రదుకులు ఏ స్తంభముపైనను లేవు. అవి ముసలమ్మల నోళ్ళయందు మాత్రమే యున్నవి. నెలకొక సమావేశమున లెక్కలు ముగిసిన పిమ్మట ఒక పెద్దమ్మ చెప్పగా, చదువుకొనుచున్న మనుమరాలు ఊరిపేరు, సంవత్సరము సహితముగ వ్రాసి, ఒక ప్రతిని బడిలో భద్రపరచినచో చాలును. దీనికి ధనము గాని, పాండిత్యము గాని అక్కరలేదు. చెప్పువారు బ్రదికియుండగనే మొదలిడుట యొక్కటే ముఖ్యము.