ఒంటి వేడిని లాగేసే నేల

సూర్యలంక ఇసుకలో నిద్రకు తుంగచాప చాలు. అదే చాపతో శీతాకాలంలో లంబసింగి కొండల్లో గుడారం వేయబోతున్న మా బాపట్ల యువమిత్రులకు వైద్యుడిగా ఒక మాట. పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా, ఒంటి వేడిని చల్లని నేల కింది నుంచి లాగేస్తుంది. కింద పరచిన దుప్పటి మన బరువుకు అణగిపోతుంది. వెచ్చదనాన్ని నిలిపే గాలిపొర అందులో మిగలదు.

అందుకే పరుపు కొనేటప్పుడు మందంతోపాటు ‘ఆర్-విలువ’ కూడా చూడండి. వేడిని ఎంత ఆపుతుందో ఆ అంకె చెబుతుంది. మన కొండల చలికి 3 లేదా 4 ఉంటే మేలు. ఉత్త గాలిపరుపు మెత్తనే గాని, లోపలి గాలి కదులుతూ వేడిని నేలకు చేరవేస్తుంది. దాని కింద ఫోమ్ చాప వేస్తే రెండింటి విలువలూ కలుస్తాయి.

చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది. పెద్దలు వెంట ఉంటే, మంచి పరుపు ముందుగా వారికే పరచండి.